ఇంకో లైటు కొనే ముందు ఉన్న లైటు తగ్గించి చూడండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి. భీమవరంలో మీ ఇంట్లో నీటి మొక్కలున్న 2 అడుగుల చేపల ట్యాంకు (అక్వేరియం), కొలతలు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. పెట్టి మూడు నెలలైంది. వాలిస్‌నేరియా, ఒక అమెజాన్ స్వోర్డ్, రెండు అనుబియాస్, వెనక మూల కొంచెం అంబులియా, పదో పన్నెండో గప్పీ చేపలు. పైన 36 వాట్ల ఎల్‌ఈడీ లైటు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా వెలుగుతుంది. అనుబియాస్ ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చులు, అద్దం మీద గోకినా ఒకపట్టాన పోని పచ్చ చుక్కలు, స్వోర్డ్ పాత ఆకులు పసుపెక్కి చిల్లులు పడుతున్నాయి. షాపులో అడిగితే వెలుతురు చాలట్లేదు, ఇంకో లైటు వేయమన్నారు. కొనాలా, కొంటే ఏ రంగుది కొనాలి, ఎర్ర మొక్క ఒకటి పెంచొచ్చా అని అడిగారు.

రెండో లైటు కొనొద్దు. ఉన్న లైటే మీ ట్యాంకుకు ఎక్కువైంది, పన్నెండు గంటలు మరీ ఎక్కువ. ఎందుకో లెక్కతో చెబుతాను, ఎందుకంటే "తగ్గించండి" అని ఊరికే చెబితే ఎవరికీ నమ్మబుద్ధి కాదు, మొక్క వాడిపోతుంటే వెలుతురు తగ్గించడానికి చెయ్యి రాదు. నాకూ మొదట్లో రాలేదు.

60 x 30 x 36 అంటే సుమారు 65 లీటర్లు. కంకర, రాళ్ళు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నికరంగా 55 లీటర్ల నీళ్ళు ఉంటాయనుకుందాం. మామూలు రకం ఎల్‌ఈడీ వాట్‌కు 80 ల్యూమెన్లు (వెలుతురుకు కొలమానం) ఇచ్చినా 36 వాట్లకు 2880 ల్యూమెన్లు, అంటే లీటరుకు 52. మొక్కల ట్యాంకులు పెట్టేవాళ్ళు చాలాకాలంగా వాడుతున్న మోటు లెక్క ప్రకారం లీటరుకు 10 నుంచి 20 ల్యూమెన్లయితే తక్కువ వెలుతురు, 20 నుంచి 40 మధ్యస్థం, 40 దాటితే ఎక్కువ. ఎక్కువ అంటే మొక్కల కోసం నీళ్ళలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలే సిలిండరు పెట్టి, రోజూ ఎరువు వేసి, వారం వారం సగం నీళ్ళు మార్చేవాళ్ళ ట్యాంకు. మీకు సిలిండరు లేదు, ఎరువు వేయట్లేదని మీరే రాశారు.

ఇక్కడ ఒకటి చూడండి. లైటు డబ్బా మీద 36 వాట్లని ఉన్నా దాని అడాప్టర్ తిప్పి చదవండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లని ఉంటే రెండూ గుణించండి, 24 వాట్లు. అంతకు మించి ఆ లైటు ఇవ్వలేదు. చవక లైట్లలో ఇది మామూలే. అలా అనుకున్నా లీటరుకు 35 ల్యూమెన్లు వస్తున్నాయి, మీ మొక్కలకు కావాల్సినదానికి దాదాపు రెట్టింపు.

ఇప్పుడు అసలు సంగతి. పొయ్యి మీద మంట పెంచితే అన్నం తొందరగా ఉడుకుతుంది, నిజమే, కానీ ఎసరు సరిపడా ఉండాలి. ఎసరు తక్కువ పోసి మంట పెంచితే అడుగంటుతుంది. ట్యాంకులో లైటు అంటే మంట. కార్బన్ డయాక్సైడ్, నైట్రేటు, ఫాస్ఫేటు, పొటాషియం, ఇనుము ఇవన్నీ ఎసరు. లైటు ఎంత ఉంటే మొక్క అంత వేగంగా వీటిని అడుగుతుంది. దొరక్కపోతే పెరుగుదల ఆగిపోదు, మొక్క తన పాత ఆకుల్లో దాచుకున్నది పీకి కొత్త ఆకుకు పంపిస్తుంది. మీ స్వోర్డ్ చేస్తున్నది అదే. పాత ఆకులు పసుపెక్కడం సాధారణంగా నత్రజని కొరత, పాత ఆకుల్లో సూది మొనంత చిల్లులు మొదలై అంచులు పసుపుగా మారడం పొటాషియం కొరత. వెలుతురు చాలకపోవడం వల్ల ఆకుకు చిల్లు పడదు. అలా చస్తున్న ఆకులోంచి కారే పదార్థం, దాని పైన మిగిలిపోయిన వెలుతురు, ఈ రెండూ కలిస్తే పాచికి అంతకన్నా ఏం కావాలి?

మీ గోదావరి జిల్లాల రైతును అడిగినా చెబుతాడు. సార్వా (వానాకాలం వరి) కన్నా దాళ్వాలో (రబీ వరి) దిగుబడి ఎక్కువ, కారణాల్లో పెద్దది మబ్బు లేని ఎండ. కానీ ఆ ఎండను గింజగా మార్చడానికి దాళ్వాలో ఎరువు కూడా ఆ లెక్కనే వేస్తారు కదా, ఎండ ఉంది కదా అని ఎరువు మానేయరు.

కార్బన్ డయాక్సైడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దగ్గర తేడా కొట్టేది అక్కడే. గాలితో సమానంగా నిలిచిన నీళ్ళలో ఈ వాయువు లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము మాత్రమే ఉంటుంది. చేపల ఊపిరి, కంకరలో కుళ్ళే వ్యర్థం కలిపితే ఇళ్ళలో ట్యాంకుల్లో రెండు మూడు మిల్లీగ్రాముల దాకా రావచ్చు. సిలిండరు పెట్టినవాళ్ళు 20 నుంచి 30 దాకా ఉంచుతారు. పైగా నీళ్ళలో ఏ వాయువైనా గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది, అందుకే ఆకు చుట్టూ ఉన్నది అయిపోతే పక్కనుంచి వెంటనే వచ్చి చేరదు. సిలిండరు లేని ట్యాంకులో లైటు వేసిన మూడు నాలుగు గంటల్లోనే మొక్కలు ఉన్నదంతా తాగేస్తాయి. ఆ తర్వాత మీరు వెలిగిస్తున్న ఎనిమిది గంటలూ మొక్కకు పెద్దగా పనికి రావట్లేదు. పాచికి వస్తోంది, అది చాలా కొద్దిపాటితో బతకగలదు.

మీ మొక్కల్లో వాలిస్‌నేరియా ఒక్కటి బాగుందని రాశారు. అది యాదృచ్ఛికం కాదు. వాలిస్‌నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ లాంటివి కార్బన్ డయాక్సైడ్ అయిపోతే నీళ్ళలో కరిగి ఉండే బైకార్బొనేటు అనే లవణం నుంచి కార్బన్ లాక్కోగలవు, అనుబియాస్‌కు, చాలా అందమైన మొక్కలకు ఆ శక్తి లేదు. మీది బోరు నీళ్ళు, గట్టి నీళ్ళు, బైకార్బొనేటు దండిగా ఉంటుంది. ఆకు మీద వేలితో రుద్దితే తెల్లటి గరుకు పొర తగులుతుందేమో చూడండి, తగిలితే అది సున్నం, బైకార్బొనేటు వాడుకున్నాక మిగిలింది. అంటే మీ ట్యాంకులో లైటు కార్బన్‌ను దాటిపోయిందని ఆ ఆకే చెబుతోంది.

ఇప్పుడు చేయాల్సినవి.

గంటలు ముందు. రేపటి నుంచి రోజుకు 6 గంటలు, అంతే. కనీసం మూడు వారాలు. ఆ గంటలు మీరు ఇంట్లో ఉండి చూసుకునే వేళకు పెట్టుకోండి, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా అయినా ఫరవాలేదు, మొక్కకు సూర్యోదయంతో పని లేదు, రోజూ ఒకే వేళకు రావడమే కావాలి. చేత్తో స్విచ్ వేయడం మానేయండి. ఆఫీసు నుంచి ఆలస్యమైతే ఒకరోజు 4 గంటలు, ఆదివారం చుట్టాలొస్తే 14 గంటలు, ఇలాగే అవుతుంది ఎవరికైనా. టైమరు కొనండి. మీరు కొనాలనుకుంటున్న రెండో లైటు ధరలో చిన్న భాగానికే వస్తుంది, ఈ మొత్తం సామానులో దానంత ఉపయోగపడేది ఇంకోటి లేదని నా నమ్మకం.

టైమరు విషయంలో మన ఊళ్ళలో ఒక చిక్కుంది. చుట్టూ 96 పిన్నులుండి ఒక్కో పిన్ను 15 నిమిషాలకు లెక్కయ్యే తిరుగుడు టైమరు కరెంటుతోనే తిరుగుతుంది. కరెంటు రెండు గంటలు పోతే దాని గడియారమూ రెండు గంటలు ఆగిపోతుంది. వారంలో నాలుగైదు సార్లు పోయిందంటే మీ లైటు అర్ధరాత్రి వెలుగుతూ ఉంటుంది, మీకు తెలియదు. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు గానీ, ఇంట్లో వైఫై ఉంటే స్మార్ట్ ప్లగ్ గానీ తీసుకోండి. తిరుగుడుదే ఉంటే ప్రతి ఆదివారం నీళ్ళు మార్చేటప్పుడు దాని టైము కూడా సరిచేయండి.

తర్వాత వెలుతురు. మీ లైటుకు డిమ్మరు ఉంటే 40 శాతానికి దించండి. డిమ్మరు లేకపోతే 12 వోల్టుల లైట్లకు అడాప్టరుకీ లైటుకీ మధ్య పెట్టే చిన్న డిమ్మరు దొరుకుతుంది, పిన్ను సైజు, ఆంపియర్లు సరిపోతున్నాయా చూసి కొనాలి. అదీ కుదరకపోతే కిటికీలకు కొట్టే దోమల మెష్ ముక్క కత్తిరించి లైటు కింద గాజు మూత మీద పరవండి. ఒక పొర, చాలకపోతే రెండో పొర. ఎంత తగ్గిందో ఊహించక్కర్లేదు, ఫోనులో వెలుతురు కొలిచే లక్స్ మీటరు యాప్ వేసి, లైటును ఒక బల్లకు పైన ట్యాంకు ఎత్తులోనే పట్టుకుని కింద ఫోను పెట్టి, మెష్ లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి చూడండి. ఫోను చెప్పే అంకె కచ్చితమైనది కాదు, నీళ్ళలో ఎంత పడుతుందో అది చెప్పలేదు. కానీ రెండు అంకెల నిష్పత్తి నమ్మొచ్చు. 10000 చూపించింది 5500 అయిందంటే దాదాపు సగానికి దిగింది.

లైటును ఎత్తుకు జరపడం కూడా మంచి పద్ధతే, ట్యాంకు అంచు నుంచి పది పదిహేను సెంటీమీటర్లు పైకి లేపితే మధ్యలో తీవ్రత తగ్గి మూలలకు కూడా సమంగా పరుచుకుంటుంది. కాకపోతే పక్కలకు చిమ్మే వెలుతురు సోఫాలో కూర్చున్నవాళ్ళ కళ్ళలో కొడుతుంది, మా ఇంట్లో దాని మీద పెద్ద చర్చే జరిగింది. ఇవన్నీ ఎందుకనుకుంటే నీటి మీద తేలే మొక్కలు వేయండి. సాల్వీనియా గానీ, అంతరతామర పిల్లలు గానీ మూడో వంతు నీటి మట్టాన్ని కప్పేలా ఉంచి మిగతావి వారం వారం తీసేయండి. వాటి ఆకులు గాలిలో ఉంటాయి కాబట్టి కార్బన్ కొరత వాటికి లేదు, నీళ్ళలో మిగిలిన నత్రజని, ఫాస్ఫేటు పాచికంటే ముందు అవే లాగేస్తాయి, కింద అనుబియాస్‌కు నీడ. తీసేసినవి కుండీ మొక్కలకు వేయండి, కాలువలోనో చెరువులోనో మాత్రం వేయకండి, గుర్రపు డెక్కతో మనం పడుతున్నది చాలు.

గాజు మూత కూడా చూడండి. బోరు నీళ్ళ తుంపర ఎండి తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, అది వెలుతురును బాగా ఆపుతుంది. మీరు ఇప్పుడు లైటు తగ్గించి, రెండు నెలల తర్వాత మూత కడిగారనుకోండి, ఒక్కసారిగా వెలుతురు పెరిగినట్టే. అందుకే ఇప్పుడే నిమ్మచెక్కతోనో వెనిగర్‌తోనో రుద్ది కడిగి, ఇకమీదట ప్రతి వారం తుడవండి.

లెక్కలోకి రాని ఇంకో లైటు ఉంది, ఎండ. నేను హైదరాబాదులో ఉంటాను. అప్పట్లో మా హాలు దక్షిణం వైపు బాల్కనీకి తెరుచుకునేది, దానికి ఎదురు గోడకు 3 అడుగుల ట్యాంకు. వేసవి, వానాకాలం అంతా అద్దంలా ఉండేది. దీపావళి దాటి కార్తీకం వచ్చేసరికి ట్యాంకు ఎడమ సగం మీద మాత్రమే పచ్చటి పొర. లైటు తగ్గించాను, నీళ్ళు మార్చాను, చేపల మేత తగ్గించాను, నెలన్నర ఏదీ పనిచేయలేదు, కుడి సగం మాత్రం శుభ్రంగానే ఉండేది, అదే నన్ను తినేసింది. ఒక శనివారం ఇంట్లో ఉండి మధ్యాహ్నం మూడు గంటలకు చూశాను, బాల్కనీ గ్రిల్లు నీడ గళ్ళు గళ్ళుగా ట్యాంకు ఎడమ సగం మీద పడి ఉంది. మే నెలలో సూర్యుడు మన నెత్తి మీదుగా పోతాడు కాబట్టి బాల్కనీ కప్పు ఆపేది, చలికాలంలో దక్షిణానికి వాలి ఏటవాలుగా లోపలికి వచ్చేసేవాడు. రోజుకు గంటన్నర, అంతే. కానీ నేరుగా పడే ఎండ ముందు మన ఎల్‌ఈడీ ఏపాటిది? ట్యాంకు వెనక, పక్క అద్దాలకు నల్ల చార్టు అంటించి, ఆ వేళకు కర్టెన్ వేయడం మొదలుపెట్టాక మూడు వారాల్లో ఆ పొర పోయింది. మీరు ట్యాంకు ఈశాన్యంలో కిటికీ పక్కన పెట్టానన్నారు. పొద్దున ఎండ ఎంతసేపు పడుతుందో ఈ ఆదివారం కూర్చుని చూడండి. అదీ మీ 6 గంటల్లో భాగమే.

లైటు సరిపోతోందా లేదా అని మీటరు లేకుండా తెలుసుకోవడానికి మీ ట్యాంకులోనే మంచి సాక్షి ఉంది, ఆ మూలనున్న అంబులియా. చింతచెట్టు ఆకులు సాయంత్రం ముడుచుకుంటాయి చూడండి, అలాగే అంబులియా కొసలు కూడా తమకు ఆ రోజుకు చాలనుకున్నాక ముడుచుకుంటాయి. పగలంతా గొడుగులా విచ్చుకున్న సన్నటి ఆకులు మెల్లగా పైకి లేచి కాడకు ఆనుకుని మొగ్గలా అవుతాయి. మీ లైటు రాత్రి 8 దాకా ఉంటుందన్నారు కదా, ఈ రోజే నాలుగు గంటల నుంచి గమనించండి, ఐదారు గంటలకే మూసుకుని ఉంటే నేను ఆశ్చర్యపోను. లైటు ఆరడానికి అరగంట ముందు కొసలు మూసుకోవడం మొదలైతే గంటలు సరిగ్గా సరిపోయాయి. మూడు గంటల ముందే మూసుకుంటే ఆ మూడు గంటలూ పాచికి పోస్తున్నారు.

గంటలు అలా తెలుస్తాయి, తీవ్రత కణుపుల్లో తెలుస్తుంది. అంబులియా కాడ మీద ఒక ఆకుల చుట్టు నుంచి పై చుట్టుకు ఎంత దూరం ఉందో స్కేలు పెట్టి చూడండి. ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే మంచిది. మూడు నాలుగు సెంటీమీటర్లకు సాగి, కాడ సన్నబడి, కింది ఆకులు రాలి బోడిగా అయిపోతే అప్పుడు నిజంగా వెలుతురు తక్కువ. అలా అయినప్పుడు మాత్రమే పెంచాలి. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్‌లు ఈ విషయంలో చాలా నెమ్మది, వాటికి నెలకు ఒకటి రెండు ఆకులొస్తే బాగున్నట్టే, వాటిని చూసి లైటు నిర్ణయించకండి. అనుబియాస్ ఆకు నెలల తరబడి ఉండేది, పెరగదు, రాలదు, అందుకే పాచి మొదట దాని మీదే ఇల్లు కట్టుకుంటుంది. అనుబియాస్‌ను స్వోర్డ్ నీడలోకి జరిపేయండి. అవి ఆఫ్రికాలో చెట్ల నీడన వాగుల ఒడ్డున పెరిగే మొక్కలు, నేరుగా లైటు కింద పెట్టాల్సిన పనే లేదు.

పాత ఆకులు మళ్ళీ బాగుపడవు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. చిల్లు పడ్డ స్వోర్డ్ ఆకు చిల్లుతోనే ఉంటుంది. మార్పు పనిచేసిందా అని చూడాల్సింది మార్పు తర్వాత పుట్టిన ఆకును. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, రెండు వారాలు ఆగండి. లైటు, ఎరువు, మేత, ఫిల్టరు అన్నీ ఒకే ఆదివారం మార్చేస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు. మీ విషయంలో మాత్రం ఒక మినహాయింపు, లైటు తగ్గించడంతో పాటు స్వోర్డ్ వేళ్ళ దగ్గర రూట్ ట్యాబ్లెట్లు (కంకరలో గుచ్చే ఎరువు బిళ్ళలు) రెండు మూడు, మొదలుకు ఐదారు సెంటీమీటర్ల దూరంలో కంకర లోతుగా గుచ్చండి. అది వేళ్ళతో బాగా తినే మొక్క, వట్టి కంకరలో మూడు నెలలు ఆకలితో ఉంది. రెండు మూడు నెలలకోసారి మళ్ళీ పెట్టాలి. నీళ్ళలో వేసే ఎరువు సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి, పొటాషియం ఉన్నదో లేదో చూసి కొనండి.

నల్ల కుచ్చుల గురించి. అది నల్లగా కనిపించినా ఎర్ర నాచు జాతికి చెందింది, కార్బన్ డయాక్సైడ్ నిలకడగా లేని చోట, నీటి ధార నేరుగా తగిలే చోట, పాత ఆకుల అంచుల మీద పట్టుకుంటుంది. మరీ పట్టేసిన ఆకులను మొదలు దాకా కత్తిరించేయండి, జాలి పడొద్దు. మందుల జోలికి తొందరపడి వెళ్ళకండి. "లిక్విడ్ కార్బన్" పేరుతో దొరికే సీసాల్లో చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం, నల్ల కుచ్చుల మీద పనిచేస్తుంది, నిజమే, కానీ వాలిస్‌నేరియాను కరిగించేస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మీ ట్యాంకులో బాగున్న ఒక్క మొక్కా పోతుంది. అద్దం మీద పచ్చ చుక్కలకు పాత ఏటీఎం కార్డు అంచుతో గోకండి, అవి ఎక్కువ వెలుతురుకూ తక్కువ ఫాస్ఫేటుకూ గుర్తు, లైటు తగ్గాక కొత్తవి రావడం ఆగుతుంది. వారానికోసారి 40 నుంచి 50 శాతం నీళ్ళు మార్చండి.

ఇక రంగు. డబ్బా మీద 6500 కె అని, కూల్ డే లైట్ అని ఉండే తెల్ల వెలుతురు చాలు. ఆ అంకె మన కంటికి వెలుతురు ఏ రంగులో కనిపిస్తుందో చెబుతుంది, మొక్కకు ఎంత అందుతుందో చెప్పదు. పత్రహరితం నీలం, ఎరుపు వెలుతురును ఎక్కువగా పట్టుకుంటుందన్నది నిజం, దాన్ని పట్టుకుని గులాబీ రంగు లైట్లు అమ్ముతారు, కానీ తెల్ల ఎల్‌ఈడీలో ఆ రెండూ ఉంటాయి, పచ్చ వెలుతురును కూడా మొక్క వాడుకుంటుంది. గులాబీ లైటు కింద చేపలు, ఆకులు అసలు రంగులో కనిపించవు, ఆకు పసుపెక్కినా మీకు తెలియదు. పూర్తి నీలం లైట్లు సముద్రపు పగడాల ట్యాంకుల కోసం చేసినవి. ఇంట్లో వాడే 2 అడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఒకటి సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తుంది, మీ 55 లీటర్లకు అది లీటరుకు 18, సరిగ్గా మీకు కావాల్సినంత. ఉన్న లైటు ఎప్పుడైనా పాడైతే ఇది గుర్తుంచుకోండి, తేమ తగలకుండా గాజు మూత పైన, వైరు ప్లగ్గు మట్టానికి కిందికి వేలాడి మళ్ళీ ప్లగ్గుకు ఎక్కేలా పెట్టాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది. గ్యాలనుకు ఇన్ని వాట్లు అనే పాత సూత్రం మీకు ఎవరైనా చెబితే వదిలేయండి, అది ట్యూబులైట్ల కాలంలో పుట్టింది, ఎల్‌ఈడీకి నప్పదు.

రాత్రంతా నీలం లైటు వేసి ఉంచుతున్నామని ఇంకొకరు అడిగారు, అది మానేయండి. గప్పీలకు కనురెప్పలు లేవు, చీకటి ఒక్కటే వాటికి విశ్రాంతి.

చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వాడతాయి. తెల్లారుజామున చేపలు, రొయ్యల చెరువుల్లో గాలి కలిపే ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారో మీ ఊళ్ళో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, ట్యాంకులోనూ అదే లెక్క. మొక్కలు గుబురుగా ఉన్న ట్యాంకులో పొద్దున్నే చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు ఆడిస్తుంటే లైటు ఆరిన వేళ నుంచి ఎయిర్ పంపు నడపండి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు 31, 32 డిగ్రీలకు చేరినప్పుడు ఇది మరీ అవసరం, వేడి నీళ్ళలో వాయువులు తక్కువ కరుగుతాయి, మొక్క ఊపిరి ఖర్చు పెరుగుతుంది. ఆ రెండు నెలలు నేను లైటు ఒక గంట తగ్గిస్తాను, ఎండ తగ్గాక మళ్ళీ పెడతాను.

మూడు వారాలు గడిచి కొత్త పాచి రావడం ఆగితే గంటలు 7 చేయండి, ఇంకో రెండు వారాలకు 8. సిలిండరు లేకుండా 8 దాటకండి. పొద్దునా సాయంత్రమూ రెండు పూటలా చూసుకోవాలనుంటే 4 గంటలు వెలిగించి, 4 గంటలు ఆపి, మళ్ళీ 4 గంటలు వెలిగించొచ్చు. మట్టి అడుగు వేసిన ట్యాంకులకు పేరుపొందిన అమెరికన్ డయానా వాల్‌స్టాడ్ ఈ మధ్యాహ్న విరామాన్ని సిఫారసు చేస్తారు, ఆపిన గంటల్లో కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ కొంత కూడుకుంటుందని కారణం. నేను రెండేళ్ళు ఇలా నడిపాను, సిలిండరు లేని ట్యాంకుకు బాగానే ఉంది. గంటలు 8కి వచ్చాక కూడా అంబులియా కణుపులు సాగుతుంటే అప్పుడు డిమ్మరు పది శాతం పెంచండి, లేదా ఒక పొర మెష్ తీయండి, మళ్ళీ రెండు వారాలు ఆగండి.

ఎర్ర మొక్క గురించి అడిగారు. రోటాలా మాక్రాండ్రా మన పశ్చిమ కనుమల మొక్కే, ఆ ఎరుపు చూస్తే ఎవరికైనా మనసవుతుంది, కానీ దానికి మంచి లైటు, మెత్తటి నీళ్ళు, సిలిండరు మూడూ కావాలి, మీ బోరు నీళ్ళలో ఇప్పుడు వేస్తే రెండు వారాల్లో కరిగిపోతుంది. దానికి బదులు క్రిప్టోకొరైన్ వెండ్టీలో గోధుమ ఎరుపు రకం తీసుకోండి, గట్టి నీళ్ళు, తక్కువ లైటు రెండూ ఓర్చుకుంటుంది. నాటిన పది రోజుల్లో ఆకులన్నీ జారిపోతే టెన్షన్ పడి పీకేయకండి, నర్సరీలో వాటిని చాలావరకు గాలిలో పెంచుతారు, నీళ్ళలోకి వచ్చాక పాత ఆకులు వదిలేసి దుంప నుంచి కొత్తవి వేస్తుంది. మా ఇంట్లో ఒకటి పూర్తిగా బోడిదై, 26 రోజుల తర్వాత కంకరలోంచి అగ్గిపుల్ల తలంత ఎర్ర మొన బయటికి పెట్టింది. స్వోర్డ్ ముందు, అనుబియాస్ పక్కన పెట్టండి, దానికోసం లైటు ముట్టుకోవద్దు.